నాయిన కళ్ళు, నా కెమెరా: పాలపిట్ట కోసం 55 రోజులు

మా నాయినకు కుడి కంటికి జనవరి 20న, ఎడమ కంటికి ఫిబ్రవరి 3న శుక్లాల ఆపరేషన్ అయింది. సంక్రాంతి దాటితేగాని ఊరు కదలనన్నాడు, లేకపోతే డిసెంబరులోనే అయిపోయేది. అమ్మ బర్రెలను వదిలి రాలేదు. నాయిన ఒక్కడే నారాయణపేట దగ్గర మా ఊరి నుంచి బస్సెక్కి, హైదరాబాద్ పక్కన బీరంగూడలో మా ఇంటికి వచ్చాడు.

రెండో కంటి పట్టీ విప్పిన మర్నాడు పొద్దున్నే హాల్లో నిలబడి గోడలన్నీ కలియజూశాడు. "ఇంటికి సున్నం ఎప్పుడు ఏయించినవ్ రా?" అన్నాడు. మేం ఏ రంగూ వేయించలేదు. బాత్‌రూంలో నీలం బకెట్ చూసి అదీ కొత్తదే అనుకున్నాడు. చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు డాక్టరమ్మకు ఈ మాట చెబితే నవ్వారు. శుక్లం ముదిరేకొద్దీ కంటిలోని లెన్సు పసుపుపచ్చగా అయిపోతుందట, నీలం రంగును సరిగా లోపలికి రానివ్వదట. ఇప్పుడా అడ్డు పోయింది కాబట్టి కొన్నాళ్ళు నీలం ఎక్కువగా కనిపిస్తుంది, భయపడకండి అన్నారు. నాయిన భయపడలేదు. మా బాల్కనీలో కూర్చుని ఎదురింటి వాళ్ళ నీళ్ళ ట్యాంకును అరగంట చూశాడు.

ఇబ్బంది వేరే చోట వచ్చింది. మూడో అంతస్తు ఫ్లాటు, రోజుకు నాలుగుసార్లు కంట్లో చుక్కలు, తలస్నానం చేయకూడదు, బరువులు ఎత్తకూడదు. జీవితమంతా చేలో తిరిగిన మనిషికి అది జైలు. టీవీ పెడితే "కండ్లు బాగు చేయించింది గీ లొల్లి సూడనీకా?" అని ఆపేసేవాడు. వారం దాటాక నడక పనికొస్తుందన్నారు, దుమ్ము పడకుండా నల్లద్దాలు పెట్టుకుంటే చాలట. నాది మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి రాత్రి పదిన్నర దాకా షిఫ్టు, పొద్దున ఖాళీయే. అలా ఫిబ్రవరి 12, బుధవారం, మేమిద్దరం బండి మీద అమీన్‌పూర్ పెద్దచెరువుకు వెళ్ళాం. 2019లో ఎంతో ముచ్చటపడి కొన్న కెనాన్ 1500డి కెమెరా అల్మారా మీద దుమ్ము కొట్టుకుపోతోంది. ఎలాగూ వెళ్తున్నాం కదా అని దాన్నీ మెడలో వేసుకున్నాను.

ఆరూ నలభైకి కట్ట ఎక్కేసరికి సూర్యుడు అప్పుడే వస్తున్నాడు. నీళ్ళ మీద పొగ. బొల్లికోళ్ళు గుంపులు గుంపులుగా, వాటి మధ్య ఏవో బాతులు. ఈ చెరువుకు 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలమని హోదా ఇచ్చారు. ఏడేళ్ళుగా మూడు కిలోమీటర్ల దూరంలో ఉంటూ నేను ఒక్కసారి కూడా తెల్లవారి ఇక్కడికి రాలేదు, అది వేరే సంగతి. ఆ రోజు 214 ఫోటోలు తీశాను. ఇంటికొచ్చి లాప్‌టాప్‌లో వేసి చూస్తే 214 చుక్కలు. కెమెరాతో పాటు వచ్చిన చిన్న లెన్సుతో పక్షుల్ని తీయడమంటే, బాల్కనీలోంచి బియ్యంలో రాళ్ళు ఏరినట్టే.

చుక్కలే అయినా నాయినకు చూపించాను. అప్పుడు తెలిసింది అసలు చిత్రం. ఆయన కళ్ళలో వేసిన లెన్సు దూరపు చూపుకు. చెరువు అవతలి గట్టున ఉన్న కొంగను అద్దాలు లేకుండా గుర్తుపడతాడు, నాకే కనపడదు. కానీ చేతిలో ఉన్న ఫోటో చూడాలంటే దగ్గరి చూపు అద్దాలు వెతుక్కోవాలి. అంటే అసలు పక్షి ఆయనకు కనిపిస్తుంది, దాని బొమ్మ నాకు కనిపిస్తుంది. రెండు నెలలూ మా ఇద్దరి పని ఇలాగే పంచుకున్నాం.

ఆ రోజు తిరిగొస్తూ బండి వెనకనుంచి అడిగాడు: "గీ చెరువు కాడ పాలపిట్ట ఉంటదా?"

ఎందుకు నాయినా అంటే కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు. "పదేండ్ల సంది దసరా నాడు అందరు అగో అగో అంటే నేను గూడ దండం పెట్టిన. నాకేం కనవడలే."

పదేళ్ళు. ప్రతి దసరాకూ జమ్మిచెట్టు దగ్గర నేనూ పక్కనే ఉన్నాను.

ఫిబ్రవరి 14న కూకట్‌పల్లిలో ఒకాయన దగ్గర దూరానివి దగ్గరగా చూపించే పాత 55-250 లెన్సు ఏడు వేలకు తీసుకున్నాను. ఫోకస్ అయ్యేటప్పుడు కీచుమంటుంది గానీ పనిచేస్తుంది. మెమరీ కార్డు 650. దుర్భిణి, 8×42ది, కొత్తదే, 7,800. ఇంట్లో ఈ చివరి అంకె నాలుగు వేలని చెప్పాను. లెన్సు అమ్మినాయన మంచివాడు, దుకాణం మెట్ల మీద కూర్చోబెట్టి పావుగంట పాఠం చెప్పాడు. షట్టర్ వేగం సెకనులో వెయ్యో వంతుకంటే తగ్గించొద్దు, ఐఎస్‌ఓ (వెలుతురును పట్టే శక్తి) కెమెరాకే వదిలెయ్, ఫోకస్ మధ్య చుక్క ఒక్కటే పెట్టుకో, కదిలేదాన్ని ఫోకస్ వెంటాడే ఏఐ సర్వోలో ఉంచు, బటన్ నొక్కి పట్టు. ఆటో మోడ్‌లో తీస్తే కెమెరా పక్షిని కాకుండా దాని ముందున్న కొమ్మను పట్టుకుంటుందని ఆయన చెప్పకపోతే నాకు ఎప్పటికి తెలిసేదో. తెల్లకొంగ సంగతి మాత్రం చెప్పలేదు, అది సొంతంగా నేర్చుకున్నాను. నల్లటి నీళ్ళ ముందు తెల్లకొంగను తీస్తే కొంగ రాదు, సున్నం ముద్ద వస్తుంది. ఎక్స్‌పోజర్, అంటే ఫోటోకు పడే వెలుతురు, ఒక మెట్టు తగ్గిస్తే ఈకలు కనిపిస్తాయి. కాకికి ఒక మెట్టు పెంచాలి.

ఫిబ్రవరి 16, ఆదివారం. ప్రపంచమంతా ఆ నాలుగు రోజులు, 14 నుంచి 17 దాకా, పక్షుల్ని లెక్కపెడతారని ఆఫీసులో ఒకమ్మాయి చెప్పింది. ఎక్కడైనా సరే కనీసం పదిహేను నిమిషాలు చూసి, కనిపించినవన్నీ ఈబర్డ్ అనే యాప్‌లో రాయాలి. గుర్తుపట్టడానికి మెర్లిన్ అని ఇంకోటి. రెండూ ఉచితమే. నాయినకు లెక్క అనేసరికి హుషారొచ్చింది, కట్ట మీద నిలబడి మిలిటరీవాడిలా చెప్పుకుంటూ పోయాడు. నేను రాస్తున్నాను. కాకులు పదకొండు అని రాస్తుంటే ఆపాడు.

"కాకుల్ని గూడ లెక్కవెట్టుడేంది?"

గుర్తుపట్టినవన్నీ రాస్తేనే అది పూర్తి జాబితా అవుతుంది, ఇష్టమైనవే రాస్తే కాదు అని యాప్‌లో ఉన్నదే చెప్పాను. ఆయనకు నచ్చలేదు. కాకిని పిండాలప్పుడు పిలవాలిగానీ లెక్కలో రాస్తారా అన్నాడు. నలభై నిమిషాల్లో 19 రకాలు. అందులో ఆరింటికి నాకు ఇంగ్లీషు పేరు దొరికింది, తెలుగు పేరు తెలియదు; నాలుగింటికి నాయిన తెలుగు పేరు చెప్పాడు, అవి యాప్‌లో ఏవో తేల్చడానికి రాత్రి దాకా పట్టింది. గట్టు పక్కన బురదలో కదలకుండా నిలబడ్డ మట్టిరంగు కొంగను చూపించి "గుడ్డి కొంగ" అన్నాడు. పాండ్ హెరాన్. దగ్గరికి పోయేదాకా లేవదని, కళ్ళు కనపడవనుకుని ఊళ్ళో ఆ పేరు పెట్టారట. ఒక నిమిషం ఆగి, "మొన్నటిదాంక నేనూ గుడ్డికొంగనే" అని తనే నవ్వాడు. ఆ రోజు నుంచి ఒక పాత నోటుబుక్కు పెట్టాను. ఎడమవైపు నాయిన పేర్లు, కుడివైపు యాప్ పేర్లు.

ఆ నోటుబుక్కులో నాకు బాగా ఇష్టమైన పేజీ ఫిబ్రవరి 23ది. కిష్టారెడ్డిపేట వైపు రోడ్డు పక్కన పెద్ద బూరుగు చెట్టు ఉంది. ఆకు ఒక్కటి లేదు, చెట్టంతా అరచేతంత ఎర్రపూలు. దూరం నుంచే రొద వినిపించింది, సంతలాగా. గులాబీ రంగు ఒళ్ళు, నల్ల తల, నల్ల రెక్కలు, గోరింకంత పిట్టలు, వంద పైనే. ఒక్కో పువ్వులో తల ముంచి తేనె తాగి, పుప్పొడి అంటిన మొహంతో పక్కదాన్ని పొడుస్తున్నాయి. ఒకదాని నుదురంతా పచ్చగా, పసుపు రాసుకున్నట్టు. మెర్లిన్ రోజీ స్టార్లింగ్ అంది. ఇవి మధ్య ఆసియా నుంచి వచ్చి చలికాలం ఇక్కడ గడిపి, ఏప్రిల్ దాటకుండా వెనక్కి పోతాయి.

నాయిన నల్లద్దాలు నుదుటిపైకి ఎత్తి చూసి, "ఇవి పాలిసలు" అన్నాడు, పాత అప్పులవాడిని చూసినట్టు. "జొన్న చేను మీద పడితే పూటల కంకి మిగల్చవు."

ఆ చెట్టు కిందే ముప్పావుగంట గడిచిపోయింది. పదేళ్ళ వయసులో మంచె మీద నిలబడి వడిసెల తిప్పేవాడట. రాయి దేనికీ తగలదు, తగలక్కర్లేదు, వడిసెల చప్పుడుకే గుంపు లేచి పక్క చేలో పడుతుంది, అక్కడి పిల్లవాడు అరిస్తే మళ్ళీ ఇటు. పొద్దుగూకేదాకా ఇద్దరు పిల్లల మధ్య పిట్టల బంతాట. "గింత మంచి రంగుంటదని అప్పుడు సూడనే లేదు" అన్నాడు. నేను 300 దాకా ఫోటోలు తీశాను. ఒక పదిహేను పనికొచ్చాయి. ఆ పుప్పొడి మొహం దానిది ఇప్పుడు మా ఫ్రిజ్ మీద ఉంది.

ఇక అందరికీ చెప్పాల్సిన మాట ఒకటుంది. ఊరి మధ్య పెద్ద లెన్సు పట్టుకుని తిరిగితే మనం పక్షుల్ని చూస్తున్నామని ఎవరూ అనుకోరు. మార్చి 3న నేనొక్కడినే వెళ్ళాను, నాయినకు ఆ రోజు చూపించుకునే పని, మా ఆవిడ తీసుకెళ్ళింది. ఒక గేటెడ్ కమ్యూనిటీ వెనక గోడ మీద పైడికంటి జంట, అంటే చిన్న గుడ్లగూబలు, కూర్చుంది, పట్టపగలు, నన్నే గుడ్లురిమి చూస్తూ. నేను గురిపెట్టాను. వాటి వెనక నాలుగో అంతస్తు బాల్కనీలో ఒకావిడ బట్టలు ఆరేస్తున్న సంగతి నాకు తెలియదు. ఐదు నిమిషాల్లో ఇద్దరు గార్డులు, ఒక అసోసియేషన్ పెద్దాయన. గుడ్లగూబను తీస్తున్నానంటే అపహాస్యం అనుకున్నారు. ఒక్కొక్క ఫోటో చూపించమన్నారు, మొత్తం తీసేయమన్నారు. చేతులు వణికాయి, అబద్ధం చెప్పను. నా ముఖం దొంగ ముఖంలా ఉందా అని ఇంటికొచ్చి అద్దంలో చూసుకున్నాను కూడా. ఆవిడ స్థానంలో మా ఆవిడ ఉన్నా అలాగే చేసేది, అందుకని కోపం లేదు. కానీ ఆ రోజు పైడికంటి ఫోటోలు చాలా బాగా వచ్చాయి, అన్నీ పోయాయి.

నాయిన వెంట ఉన్నప్పుడు ఈ గొడవ ఒక్కసారీ రాలేదు. నల్లద్దాలు, తలకు రుమాలు, చేతికర్ర ఉన్న ముసలాయన పక్కనుంటే ఎవరైనా "ఏం పిట్ట తాతా?" అనే అడుగుతారు. ఒక వాచ్‌మన్ అయితే కుర్చీ తెచ్చి వేశాడు. అప్పటినుంచి ఇళ్ళ వైపు లెన్సు ఎత్తను, ఎవరైనా కనిపిస్తే ముందే తీసిన ఫోటో ఒకటి చూపించి పలకరిస్తాను.

మా వీధిలోనే కంసాలి పిట్ట ఉంది. టుక్, టుక్, టుక్ అని సుత్తితో రేకు మీద కొడుతున్నట్టు పొద్దంతా మోత. ఇంగ్లీషులో కూడా దాన్ని కాపర్‌స్మిత్ అనే అంటారని తెలిసి నాయిన సంతోషించాడు, తెల్లోళ్ళకు చెవులున్నాయన్నమాట అని. మోత వినిపిస్తుంది, పిట్ట కనపడదు. పిచ్చుకకంటే కాస్త పెద్దది, ఆకుపచ్చ, ఆకుల్లో ఆకు. పైగా తల అటూ ఇటూ తిప్పుతూ కూస్తుంది కాబట్టి శబ్దం ఎటునుంచి వస్తోందో అంతుపట్టదు. ఫిబ్రవరి 27 నుంచి మార్చి 9 దాకా, పదకొండు రోజులు, టీ గ్లాసు పట్టుకుని మెడలు విరిచి చూశాం. చివరికి ట్రాన్స్‌ఫార్మర్ పక్కన ఎండిపోయిన మునగ కొమ్మకు అడుగు వైపున గుండ్రంగా, రూపాయి బిళ్ళకంటే కాస్త పెద్దదిగా రంధ్రం కనిపించింది. అందులోంచి రంపపు పొట్టు రాలుతోంది. కాసేపటికి ఎర్ర బొట్టు నుదురు, పసుపు గొంతు బయటికొచ్చి, నోటినిండా పొట్టు ఉమ్మేసి మళ్ళీ లోపలికి పోయింది. లోపల ఇల్లు ఊడ్చుకుంటోంది! నాలుగే నాలుగు ఫోటోలు తీసి ఆపేశాం. గూడు దగ్గర ఎక్కువసేపు మనం నిలబడితే కాకులు కూడా అటే చూస్తాయి. గూడు ఫోటోలు ఎవరికీ పంపలేదు.

తీతువు గుడ్ల విషయంలో అలా జాగ్రత్తపడినా ఫలితం లేకపోయింది. మార్చి 22న ఒక వెంచర్‌లో నడుస్తుంటే రెండు తీతువులు నెత్తిమీద తిరుగుతూ గోల చేశాయి. నాయిన నా చొక్కా పట్టి ఆపాడు. నా కాలికి రెండడుగుల దూరంలో, గులకరాళ్ళ మధ్య, గులకరాళ్ళలాంటివే నాలుగు గుడ్లు. గూడూ లేదు గడ్డీ లేదు, ఉత్త నేల. "ఆకాశం మీద పడ్తదని కాళ్ళు పైకి పెట్టి పండుకుంటదట, గుడ్లు మాత్రం గిట్ల పెడ్తది" అని గొణిగి వెనక్కి నడిపించాడు. అక్కడి కాపలావాడికి చెప్పాం, చుట్టూ దూరంగా మూడు పెద్ద రాళ్ళు పెట్టాం. నాలుగు రోజుల తర్వాత వెళ్తే అక్కడ ఎర్రమట్టి పోసి చదును చేసి ఉంది. మా రాళ్ళు ఒక మూలకు తోసి ఉన్నాయి. తీతువులు కనపడలేదు. ఆ పూట ఇద్దరం మాట్లాడుకోలేదు.

పాలపిట్ట సంగతి. లేక కాదు. అప్పటికి నాలుగుసార్లు చూశాం, కరెంటు తీగ మీద, ఎప్పుడూ వంద గజాల అవతల. కూర్చున్నప్పుడు పాలపిట్ట అంటే ఎవరూ నమ్మరు. మట్టిరంగు వీపు, వంకాయ పాలిపోయినట్టు రొమ్ము. తల మీదా తోక దగ్గరా కొంచెం నీలం ఉంటుంది గానీ దూరానికి తెలియదు. నేను "అగో పాలపిట్ట" అంటే నాయిన చాలాసేపు చూసి, "ఇదేనా?" అన్నాడు. ఆ గొంతులో నిరాశ నాకు తగిలింది. నడిచి దగ్గరికి పోతే నలభై గజాల్లో లేచిపోతుంది, అదీ మనకు వీపు చూపించి, సూర్యుడికి ఎదురుగా. రెండుసార్లు నా కెమెరాలో ఖాళీ తీగ మాత్రమే పడింది.

ఉగాదికి పెద్ద లెన్సు అద్దెకు తెస్తే పని అయిపోతుందనుకున్నాను. 150-600. రోజుకు వెయ్యి, రెండు రోజులకు రెండు వేలు, డిపాజిట్ పదిహేను వేలు, ఆధార్ జిరాక్సు. మార్చి 29 శనివారం తెచ్చాను. బరువు దాదాపు రెండు కిలోలు. పది నిమిషాలకే ఎడమ చెయ్యి నాది కాదనిపించింది. ఆ రోజు బాతులతోనే సరిపోయింది. 30న ఉగాది. పచ్చడి తిన్నాకే బయటికి కదలాలని ఇంట్లో హుకుం. వేపపూత మా ఆవిడ కిందకు దిగి కోసుకొచ్చి, బెల్లం తురిమి, పూజ అయ్యేసరికి ఎనిమిది దాటింది. మేం వెళ్ళేసరికి తొమ్మిది. పాలపిట్ట తీగ మీదే ఉంది, పాపం, నాకోసమే అన్నట్టు. దాదాపు గంటసేపు తీశాను. 600 పైచిలుకు ఫోటోలు. ఒక్కటి కూడా పదునుగా లేదు. అన్నీ నీళ్ళలోంచి తీసినట్టు.

లెన్సు చెడిపోయిందని, డిపాజిట్ పోయినట్టేనని, రాత్రంతా టెన్షన్. సోమవారం ఇచ్చేటప్పుడు దుకాణం కుర్రాడు రెండు ఫోటోలు చూసి, ఎన్ని గంటలకు తీశారన్నాడు. ఎండెక్కాక నేల మీద గాలి వేడెక్కి కదులుతుందట, ఎండాకాలం తారురోడ్డు మీద మిలమిలలాడినట్టు. అంత దూరంలోని దాన్ని ఎంత పెద్ద లెన్సుతో తీసినా ఆ మిలమిలే పెద్దదవుతుంది. మార్చి తర్వాత ఎనిమిదింటికల్లా కెమెరా మూసెయ్యండి సార్ అన్నాడు. రెండు వేలు పెట్టి నేర్చుకున్న ముక్క ఇది. మీకు ఊరికే చెబుతున్నాను. దూరం తగ్గించాలి, లెన్సు పెంచడం కాదు.

దూరం తగ్గించే ఉపాయం నాయిన చెప్పాడు. మనం దాని దగ్గరికి పోవద్దు, అదొచ్చే చోట మనమే ముందు కూర్చుందాం. నాలుగు రోజులు ఫోటోలు తీయకుండా ఉత్తగా చూశాం. పొద్దున ఆరుంపావు నుంచి అది తీగ మీదుండదు. వెంచర్‌లో ప్లాట్ల హద్దురాళ్ళ మీద కూర్చుని, కింద పాకే పురుగుల్ని పడుతుంది. ఎండెక్కాకే తీగ. మేం రోజూ వెళ్ళింది తీగ వేళకు.

ఏప్రిల్ 8, మంగళవారం. ఐదుంబావుకు లేచాం. ఆరుకల్లా ఒక తంగేడు పొద వెనక, సూర్యుడికి వీపు చేసి, పాత ఫ్లెక్సీ పరుచుకుని కూర్చున్నాం. నాయిన మోకాళ్ళు ముడవలేడు, కాళ్ళు బార్లా చాపాడు. ముందు పాతిక అడుగుల దూరంలో 47 అని ఎర్రరంగుతో రాసిన హద్దురాయి. ఆరూ ఇరవైకి పాలపిట్ట వచ్చి 51 మీద వాలింది. కదల్లేదు. ఆరూ ముప్పైఒకటికి కిందికి దూకి మళ్ళీ 51. నా కాలు తిమ్మిరెక్కింది, దోమలు కుడుతున్నాయి, కొట్టడానికి లేదు. నాయిన దగ్గొచ్చి రుమాలు నోట్లో కుక్కుకున్నాడు. ఆరూ నలభైరెండుకి అది 47 మీదికి వచ్చింది.

లెన్సులో అది నిండుగా ఉంది. ముక్కులో ఒక మిడత, కాళ్ళు ఇంకా కొట్టుకుంటున్నాయి. దాన్ని రాతికేసి ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు కొట్టింది, మనం తడిగుడ్డ ఉతికినట్టు. ఒక కాలు విరిగి రాయి మీద పడింది. తల పైకెత్తి మింగింది. రొమ్ము మీద సన్నటి తెల్లగీతలు, కంటి చుట్టూ నారింజరంగు చర్మం, గొంతు కదలడం, అన్నీ కనిపిస్తున్నాయి. నేను నొక్కుతూనే ఉన్నాను. అంతలో ఎక్కడినుంచో రెండోది క్రాక్ క్రాక్ అని గరగరలాడుతూ పైకి లేచింది, నిట్టనిలువుగా, ఎత్తుకు పోయి అక్కడినుంచి ఒళ్ళు అటూ ఇటూ పొర్లిస్తూ కిందికి పడింది. ఇవి జత కట్టే రోజులు కదా. 47 మీదున్నది రెక్కలు విప్పి మా తలల మీదుగానే దాని వైపు వెళ్ళింది.

విప్పిన రెక్కల్లో ముదురు నీలం ఒక పట్టీ, లేత నీలం ఒక పట్టీ. ఎండ సరిగ్గా దాని మీదే పడింది.

నాయిన నల్లద్దాలు తీసేశాడు. నోరు తెరుచుకుని అది పోయిన వైపే చూస్తున్నాడు. చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. "గింత నీలముంటదా దానికి" అన్నాడు, నాతో కాదు.

ఎగిరే తొమ్మిది ఫోటోల్లో మూడింట్లోనే పక్షి ఉంది. ఒకదాంట్లో రెక్క మొత్తం వచ్చింది, రెండువేలో వంతు షట్టర్‌కు కూడా కొస కాస్త అలికినట్టుంది, అయినా చాలు. కెమెరా ఆయన ముందు పెట్టాను. జేబులు తడుముకున్నాడు. దగ్గరి చూపు అద్దాలు ఇంట్లోనే మర్చిపోయాడు. తెరను చేతులు చాచి దూరంగా పెట్టి చూశాడు, కళ్ళు చికిలించి చూశాడు. కనపడలేదు. తిరిగి నా చేతికిచ్చి, "నేను సూసిన గదా, నువ్వు సూస్కో" అన్నాడు.

యాసంగి వరి కోతలని ఏప్రిల్ 17న ఊరెళ్ళిపోయాడు. దుర్భిణి తీసుకెళ్ళమంటే, నాకెందుకు, నీకే కండ్లు సక్కగ లేవు అన్నాడు. ఆ మాట నిజమే, మొన్న చూపించుకుంటే నాకు పాయింట్ డెబ్భై ఐదు వచ్చింది.

వెళ్ళిన మూడో రోజు పొద్దున ఆరున్నరకు ఫోన్. వాకిట్లో ఏట్రింతలు రెండు, బర్ల మీద గోరింకలు నాలుగు, బాయి కాడ లకుముకి పిట్ట ఒకటి, కాకులు ఎనిమిది, రాసుకో అన్నాడు. నేను అక్కడ లేను కాబట్టి నా జాబితాలో రాయకూడదు నాయినా, ఎవరు చూస్తే వాళ్ళే రాయాలి అన్నాను.

"అంటే నేను సూస్తే లెక్కగాదా?"

ఆ సాయంత్రం ఆయన పేరు మీద ఖాతా తెరిచాను. పక్కింటి ఇంటర్ చదివే పిల్లాడి చేత రోజూ రాయిస్తున్నాడట. నిన్న చూస్తే కాకులు 14 అని ఉంది.